పుర్రచేతి తుపాకీ

పోయిన శనివారం మిస్సిసాగాలో ఒక పుట్టినరోజు పార్టీకి వెళ్ళి, ముక్కూమొహం తెలియని ఒకావిడతో గొడవ పెట్టుకొచ్చాను. ఆవిడ కూతురికి నాలుగేళ్ళుంటాయేమో, ఎడమచేత్తో చెంచా పట్టుకుని కేకు తింటోంది. ఆవిడ పక్కవాళ్ళతో మాట్లాడుతూనే, కనీసం అటు చూడకుండానే, చెంచా లాగి పిల్ల కుడిచేతిలో పెట్టింది. పిల్ల మళ్ళీ మార్చుకుంది. ఆవిడ మళ్ళీ లాగింది. కాసేపు ఓపిక పట్టాను. తర్వాత ఒళ్ళు మండింది. "దాని చెయ్యి, దాని కేకు. మధ్యలో మీకేం నొప్పండీ?" అన్నాను. ఆవిడ నన్ను కిందనుంచి పైదాకా చూసి, "మీకు పిల్లలున్నారా?" అంది. లేరన్నాను. "ఉంటే తెలుస్తుంది లెండి" అని అటు తిరిగింది. ఇంటికొస్తూ 401 హైవే మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుని, ఊళ్ళోవాళ్ళ పిల్లల చెంచాలు నాకెందుకసలు, అంతలా ఎందుకు ఎగిరానని నన్ను నేనే తిట్టుకుంటుంటే అంకుల్ గుర్తొచ్చారు.

అంకుల్ అంటే చుట్టం కాదు. కిచెనర్ ఊళ్ళో నేను చదువుకున్నప్పుడు మేం నలుగురు ఆడపిల్లలం అద్దెకున్న బేస్‌మెంట్‌కి పైన ఉండే ఇంటాయన. ఒంగోలు వైపు మనిషి. ఆదివారం చర్చి తప్పేది కాదు. కార్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో మెషీన్ల మరమ్మతు ఆయన పని. ఆయన పోయి రెండు చలికాలాలైంది. పేరు రాయను. రాసినా మా బ్యాచ్‌లో ఎవరూ గుర్తుపట్టరు, అందరికీ ఆయన అంకులే.

అది కెనడాలో విమానాల నిండా పిల్లలు వచ్చి దిగుతున్న కాలం. కాలేజీలు పిలుస్తున్నాయి, మేం వస్తున్నాం. పంజాబ్ వాళ్ళు, గుజరాత్ వాళ్ళు, మనవాళ్ళు. బస్టాపుల్లో ఎక్కడ చూసినా ధర చీటీ కూడా తీయని కొత్త జాకెట్లే. కాఫీ షాపులో ఒక్క పార్ట్‌టైమ్ ఉద్యోగం ఉందంటే రెజ్యూమేలు పట్టుకుని వీధి మలుపుదాకా క్యూ. మా బేస్‌మెంట్ ఎప్పుడూ ఖాళీగా ఉండేది కాదు. ఒకళ్ళ సూట్‌కేసు బయటికి వెళుతుంటే ఇంకొకళ్ళది లోపలికొచ్చేది.

కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళకీ అంకుల్ ఒక పరీక్ష పెట్టేవారు. నేను అనంతపురం నుంచి రెండు సూట్‌కేసులూ ఒక ఆవకాయ డబ్బాతో వచ్చి, గుమ్మంలో నిలబడి "నమస్తే అంకుల్" అనేలోపే ఒక తాళాల గుత్తి గాల్లో నా మీదికొచ్చింది. ఏ చేత్తో పట్టుకుంటామో చూడటం ఆయనకి సరదా. నేను ఏ చేత్తోనూ పట్టుకోలేదు. గుత్తి వచ్చి నుదుటికి తగిలింది. ఆంటీ లోపల్నుంచి పరిగెత్తుకొచ్చి, "పిల్లని చంపేస్తారా ఏంటండీ?" అని కేకలేశారు. అంకుల్ తాళాలు ఏరుకుంటూ నా వైపు జాలిగా చూసి, "ఈ అమ్మాయికి ఏ వాటమూ లేదే" అన్నారు. ఇమిగ్రేషన్ ఆఫీసర్ కూడా నన్నంత చిన్నచూపు చూడలేదు.

వాటం అన్నది ఆయన నోట్లో ఎప్పుడూ ఉండే మాట. మంచు మీద నడవడానికి ఒక వాటం ఉండాలి, మోకాళ్ళు వదులుగా పెట్టి బాతులా నడవాలి. ఇంటర్వ్యూలో కూర్చోవడానికి ఒక వాటం ఉండాలి. చపాతీ తిప్పడానికీ, ప్రొఫెసర్‌ని ఎక్స్‌టెన్షన్ అడగడానికీ కూడా వాటమే. మా రూమ్మేట్ ఒకమ్మాయి ప్రేమలో దెబ్బతిని వారంరోజులు ఏడిస్తే, పైనుంచి పెరుగన్నం గిన్నె పట్టుకుని మెట్లు దిగొచ్చి, "వాటం కుదర్లా అమ్మాయ్. అంతే. నీ తప్పు లేదు, ఆడి తప్పూ లేదు" అని చెప్పి మెట్లెక్కి వెళ్ళిపోయారు. ఆ పిల్ల ఏడుపు ఆపి అన్నం తింది.

ఇంత వాటం తెలిసిన మనిషిది పుట్టు పుర్రచేతివాటం. గ్యారేజీలో చూడాలి ఆయన్ని. సుత్తి, రంపం, స్క్రూడ్రైవర్, ఏది పట్టినా ఎడమచేత్తోనే. ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ చలికాలంలో మొండికేస్తే ఆ చేత్తోనే లోపలెక్కడో తడిమి బాగుచేసేవారు. కానీ డోర్‌బెల్ మోగి ఎవరైనా బయటివాళ్ళు వచ్చారంటే, ఆ చెయ్యి వెంటనే జేబులోకి దూరేది. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అంటారే, ఆ చెయ్యి అచ్చం అదే. ఆయన కోట్లన్నిటికీ ఎడమ జేబు అడుగు ఊడిపోయి ఉండేది. ఆంటీ ఏటా అక్టోబర్‌లో చలికోట్లు బయటికి తీసి, ముందు ఆ జేబులు కుట్టేవారు. కుడి జేబులు మాత్రం కొన్నప్పటిలాగే ఉండేవి.

ఎందుకలా అని నేనే ఒకసారి ఆంటీని అడిగాను. ఆవిడ నవ్వుతూ చెప్పారు. పెళ్ళిచూపుల్లో మిఠాయి పళ్ళెం చేతులు మారుతూ అంకుల్ దాకా వచ్చింది. ఆయన దాన్ని ఎడమచేత్తో అందుకుని అదే చేత్తో ఆంటీ వాళ్ళ నాన్నగారికి అందించారు. పెద్దాయన పళ్ళెం ముట్టుకోలేదు. పుర్రచేత్తో పెట్టేవాడికి పిల్లనెలా ఇస్తామని వాళ్ళ ఇంట్లో మూడురోజులు పంచాయితీ జరిగింది. ఆంటీయే పట్టుబట్టి చేసుకున్నారు. "కానీ పెళ్ళైన రోజే చెప్పేశాను. నలుగురిలో ఆ చెయ్యి బయటికి తియ్యొద్దండీ, మా నాన్న తల దించుకుంటాడని. పాపం, ఆ మాట ఇప్పటికీ జవదాటలా" అన్నారు. ఆవిడ మొహంలో అది చెబుతున్నప్పుడు గర్వమే ఉంది. వాళ్ళ నాన్నగారు పోయి అప్పటికే చాలా కాలమైంది.

ఇక తుపాకీ సంగతి. అంకుల్ ఫ్యాక్టరీలో ఒక ముసలాయన ఉండేవాడు, ఇక్కడివాడే. ఏటా అక్టోబర్‌లో ఉత్తరాది అడవులకి మూస్ అనే పెద్ద దుప్పి వేటకి వెళ్ళేవాడు. అక్కడ చెరువుగట్టు మీద అతనికొక చెక్క గుడిసె, దాన్ని క్యాంపు అంటారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఇరవై ఏళ్ళుగా అతని వేట కథలు వింటూ అంకుల్ కళ్ళు ఇంతింత చేసుకునేవారు. ప్రతి ఏడూ అతను రమ్మనేవాడు, ప్రతి ఏడూ అంకుల్ "వచ్చే ఏడు" అనేవారు. ఒకరోజు అతను చెప్పాడు: రిటైరవుతున్నాను, మోకాళ్ళు పోయాయి, వచ్చే అక్టోబర్ అయ్యాక క్యాంపు అమ్మేస్తున్నాను. వస్తే ఈసారే రా. ఒక్కటే షరతు, నీ తుపాకీతో రా. అరువు తుపాకీతో వేటంటే నేనొప్పుకోను, జంతువుకి అన్యాయం చేసినట్టే.

ఆ సాయంత్రం అంకుల్ ఇంటికొచ్చి అన్నం తినలేదు. "ఇదొక్కటి చెయ్యాలమ్మాయ్ నేను" అన్నారు నాతో. ఆయన గొంతు అలా ఉండటం నేనెప్పుడూ వినలేదు. ఆయన ఈ దేశంలో ఇల్లు కొన్నారు, కొడుకుని చదివించారు, సిటిజెన్‌షిప్ తీసుకున్నారు. అవన్నీ అందరూ చేసేవే. తనకి మాత్రమే కావాలనిపించినది ఇదొక్కటే అనుకుంటాను.

కాలేజీ రోజుల్లో ఖాకీ వేసుకుని కవాతు చేసిన అనుభవం ఆయనకుంది. ఆ కథ మాకు నెలకొకసారైనా చెప్పేవారు. గురిపెట్టడం నేర్పే ఉస్తాద్ ఈయన్ని కుడిభుజానికే పెట్టమన్నాడట. ఈయన పెట్టారు, కాల్చారు. తూటాలన్నీ వెళ్ళి పక్క కుర్రాడి గురి అట్టమీద పడ్డాయి. తనవీ ఈయనవీ కలిపి ఆ కుర్రాడి అట్ట జల్లెడైపోయింది. సాయంత్రం మైకులో పిలిచి ఆ కుర్రాడికి కప్పు ఇచ్చారు. "ఆ కప్పులో సగం నాది" అనేవారు అంకుల్. ఆ పెద్దమనిషి ఇప్పుడు గుంటూరులో దంతవైద్యుడట. కప్పు ఆసుపత్రిలో అద్దాల బీరువాలో పెట్టుకున్నాడని ఎవరో చెబితే, ఈయనకి ఆ రోజంతా మనశ్శాంతి లేదు.

లైసెన్స్ రావాలంటే ముందు కోర్సు చెయ్యాలి, పరీక్ష పాసవ్వాలి. దానికి భయపడలేదు అంకుల్. అప్లికేషన్‌లో భార్య సంతకానికి చోటుంటుంది, అక్కడ ఆగిపోయారు. "ఈ దేశంలో నాకు నచ్చిన చట్టం ఇదొక్కటే" అని ఆంటీ పెన్ను తీసి పక్కన పెట్టేశారు. చలికాలమంతా ఆ సంతకాన్ని ఆవిడ బాగా వాడుకున్నారు. ముందు కిచెన్ కుళాయి మార్పించారు. తర్వాత మా బేస్‌మెంట్‌కి కొత్త కిటికీ వచ్చింది. ఆ తర్వాత, చర్చిలో రెండో పాట నుంచి అంకుల్ పెదవులు మాత్రమే కదపాలని ఒప్పందం కుదిరింది, ఎందుకంటే ఆయన శ్రుతి పాస్టర్ గారికి కూడా ఇబ్బందిగా ఉండేది. చివరికి మంచు కరిగే రోజుల్లో సంతకం పెట్టారు, ఇంకో షరతుతో. "ఇంట్లోకొచ్చేదాన్ని నేను చూశాకే కొనాలి."

తూటా ఎంత ఉండాలన్నది డైనింగ్ టేబుల్ మీద తేలింది. ఒక ఆదివారం అంకుల్ మా నలుగురినీ పైకి పిలిచి, టేబుల్ మీద వరసగా పెసరగింజ, బఠానీ, చింతగింజ, కుంకుడుకాయ పెట్టారు.

"ఇదిగో, ఇది కుందేలుకి. ఇది జింకకి. మూస్ అంటే గేదె కంటే ఎత్తమ్మా, దీనికి లొంగదు. ఇదేమో," అని కుంకుడుకాయ చూపించి, "ఎలుగుబంట్లకి. కాలిస్తే అదీ పడుద్ది, మనమూ పడతాం. భుజం ఊడుద్ది."

"అయితే చింతగింజ" అన్నాను నేను, తొందరగా వెళ్ళి అసైన్‌మెంట్ రాసుకోవాలని.

"అదీ. మధ్యరకం. జంతువు గాయంతో పరిగెత్తకూడదు, మనం భుజం పట్టుకుని మూలగకూడదు." ఆయన లెక్క ప్రకారం దాని పేరు త్రీ థర్టీ ఎయిట్. మన పోలీసుల త్రీ నాట్ త్రీ కంటే ఒక్క పిసరు లావు. ఆంటీ వచ్చి, "ఆ చింతగింజ ఇలా ఇవ్వండి, పప్పుడబ్బాలో పడిందంటే పన్ను విరుగుద్ది" అని అన్నీ ఎత్తేశారు.

తూటా కుదిరింది, తుపాకీయే కుదరలేదు. వసంతం వెళ్ళి వేసవి వచ్చింది, శనివారాలు తుపాకీ షాపులకే సరిపోయాయి. ఇంటర్నెట్‌లో రివ్యూలు చదివిపెట్టే పని నాది కాబట్టి నన్నూ తీసుకెళ్ళేవారు. నాకు తుపాకుల మీద ఆసక్తేం లేదు. తిరిగొచ్చేటప్పుడు ఆయన తినిపించే బిర్యానీ మీద ఉంది.

ప్రతి షాపులోనూ ఒకటే తంతు. కౌంటర్ వెనకాయన లైసెన్స్ చూసి, గోడమీంచి ఒక తుపాకీ దించి, ఖాళీగా ఉందని చూపించి, రెండుచేతులతో ఇటు చాపుతాడు. అంకుల్ బడిపిల్లాడిలా నిటారుగా నిలబడి కుడిచేత్తో అందుకుంటారు. కుడిభుజానికి ఆనించి, ఎడమకన్ను ముయ్యడానికి నానాతంటాలు పడతారు. ఆ కన్ను మూతపడదు, దానికి బదులు నోరు వంకర పోతుంది. తుపాకీ పక్కనుండే గడియ ఎత్తి లాగుతారు, అది సగంలో తట్టుకుంటుంది. తర్వాత వంక మొదలు. ఒకచోట తుపాకీ ముక్కు బరువన్నారు. ఒకచోట భుజానికి ఆనే చెక్క పొడుగన్నారు. ఒకచోట రంగు బాగాలేదన్నారు, అది అందరిదీ ఒకటే నలుపు. ఆ తర్వాత షాపాయనకి పదిసార్లు థాంక్యూ చెప్పి, అతని పిల్లలేం చదువుతున్నారో కనుక్కుని బయటికొచ్చేవారు. కారెక్కాక "వాటం కుదర్లా" అనేవారు. నేనేమో, ఈయనకి కొనే ఉద్దేశం లేదు, బేరమాడటమే సరదా అనుకునేదాన్ని.

ఆగస్టులో ఒక సాయంత్రం బట్టల డ్రయ్యర్‌లో వేసే షీట్లు అడుగుదామని గ్యారేజీలోకి వెళ్ళాను. అంకుల్ నన్ను చూడలేదు. మంచు తోసే పార కర్రని ఎడమభుజానికి ఆనించుకుని, గోడమీద మేకుకి గురిపెడుతున్నారు. కుడికన్ను ఇట్టే మూతపడింది. ఎడమచేత్తో, లేని గడియని ఉన్నట్టే ఎత్తి, వెనక్కి లాగి, ముందుకు తోశారు. మళ్ళీ గురి. మనిషి ఎక్కడా వంకరగా లేరు, తొణకలేదు. పార కర్ర పట్టుకుని అంత అందంగా నిలబడిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. షాపుల్లో చూసినదేమిటో నాకప్పుడు అర్థమైంది.

గోడల మీద మేం చూసిన తుపాకులన్నిటికీ గడియ కుడివైపే. కాల్చాక దాన్ని లాగితే ఖాళీ తొడుగు బయటికి ఎగురుతుంది, తోస్తే కొత్త తూటా లోపలికెళుతుంది. పుర్రచేతివాళ్ళు దాన్ని వాడాలంటే ప్రతిసారీ చెయ్యి తుపాకీ మీదుగా అవతలికి దాటించాలి. ఆ తొడుగు వాళ్ళ కళ్ళముందు నుంచే ఎగురుతుంది. ఫోన్ తీసి వెతికితే ఎడమవైపు గడియ ఉన్నవి కూడా చేస్తారని తెలిసింది. తక్కువ, కానీ ఉన్నాయి. తర్వాతి శనివారం కారులో అడిగేశాను.

"అంకుల్, మీరు పుర్రచెయ్యి కదా."

"అయితే?"

"ఎడంచేతివాళ్ళకి వేరే తుపాకీ ఉంటుంది. మీకు తెలుసా?"

"తెలుసు."

"మరి అడగరేం? ఒక్క మాట చెబితే వాళ్ళే తెప్పిస్తారు కదా."

"అదెట్టా అమ్మాయ్. ఆయన పెద్దమనిషి, మర్యాదగా రెండు చేతుల్తో ఇస్తా ఉంటే నేను పుర్రచెయ్యి చాపుతానా?"

"వాళ్ళకి ఆ పట్టింపు లేదంకుల్. ఏ చేత్తో తీసుకున్నా ఏమీ అనుకోరు."

"వాళ్ళకి లేకపోతే లేదులే. చెయ్యి నాది కదా."

"ఇట్లయితే అక్టోబర్ వచ్చేస్తుంది. క్యాంపు పోతుంది. మీరు నోరు విప్పకపోతే నేనే చెప్తా షాపులో."

"చెప్పమాకు." ఆయన గొంతు పెంచలేదు గానీ నేను ఆగిపోయాను. "ఇంకో సంగతి. మీ ఆంటీకి అసలు చెప్పమాకు. ఎప్పుడో చిన్నతనంలో అన్న మాట అది. దానివల్లే నాకు తుపాకీ కుదరట్లేదని తెలిస్తే బాధపడుద్ది."

నాకు చాలా కోపం వచ్చింది. ఆయన మీదా, ఎప్పుడో పోయిన ఆ మామగారి మీదా, తినకుండా పక్కకి పెట్టిన మిఠాయి పళ్ళెం మీదా. బిర్యానీ తింటూ కూడా ఆయనతో మాట్లాడలేదు. ఆయన తన లెగ్‌పీస్ తీసి నా ప్లేట్‌లో వేశారు, కుడిచేత్తోనే.

సెప్టెంబర్ చివరికి వచ్చేసరికి ఫ్యాక్టరీ ముసలాయన క్యాంపుకి సామాన్లు సర్దుకుంటున్నాడు. ఇక మిగిలింది ఒక్క శనివారం. ఆ రోజు ఆంటీ కూడా బయల్దేరారు, చూశాకే కొనాలన్న షరతు ఉంది కదా. చర్చికి కట్టే పట్టుచీర కట్టుకుని, చేతిసంచిలో నీళ్ళ సీసా, జంతికల పొట్లం పెట్టుకుని, సంబంధం చూడటానికి వెళ్ళినట్టు కారు వెనకసీట్లో కూర్చున్నారు. దారంతా ఒకటే ప్రశ్నలు. అది ఎంత పొడుగుంటుంది, దాన్ని ఎక్కడ పెడతారు, తాళం ఎవరి దగ్గర ఉంటుంది. అంకుల్ అన్నిటికీ జవాబులు చెప్పారు గానీ మొహంలో కళ లేదు.

కేంబ్రిడ్జ్ దాటాక ఊరి చివర పాత షాపది. కౌంటర్ వెనకాల తెల్ల గడ్డం మనిషి. గోడమీద మూస్ తల. ఆంటీ నేరుగా దాని కిందకెళ్ళి నిలబడి, "ఇంత మొహానికి ఇంత చిన్న కళ్ళేంటే?" అని నన్నడిగారు. నేను ఆవిడ పక్కన ఉన్నా, నా చూపంతా కౌంటర్ దగ్గరే ఉంది.

గడ్డమాయన మొదటి తుపాకీ చాపాడు. అంకుల్ కుడిచేత్తో అందుకున్నారు. భుజానికి ఆనించారు, నోరు వంకర పోయింది, గడియ సగంలో ఆగింది. ముక్కు బరువన్నారు. అతను ఓపిగ్గా రెండోది దించాడు. మళ్ళీ అదే. చెక్క పొడుగన్నారు. మూడోది దించుతుంటే ఆంటీ మూస్‌ని వదిలి ఇటు తిరిగారు.

"ఏవండీ, ఆ చేత్తో ఎందుకు పట్టుకుంటున్నారు?"

"నువ్వుండవే కాసేపు."

"ఇంట్లో చీపురు కూడా ఆ చేత్తో పట్టుకోరు కదా మీరు. పట్టుకోవడం రాకపోతే బరువుగా కాక ఇంకెలా ఉంటుంది?"

"షాపులో ఏందే ఇప్పుడు." అంకుల్ చెవులు ఎర్రబడ్డాయి. చేతిలోని తుపాకీ కౌంటర్ మీద మెల్లగా పెట్టి, ఎడమచెయ్యి జేబులో దూర్చి, తలొంచుకుని, తెలుగు రాని ఆ గడ్డమాయనకి కూడా వినపడకూడదన్నట్టు చాలా చిన్నగా అన్నారు. "నలుగురిలో వద్దన్నావు కదే."

షాపులో నలుగురమే ఉన్నాం. నేను ఆంటీ మొహమే చూస్తున్నాను. నవ్వుతూ మాకు చెప్పిన ఆ పాత మాట, మొగుడు జవదాటలేదని మురిసిపోయిన మాట, ఇన్నేళ్ళూ ఆయన్నేం చేసిందో ఆవిడకి అక్కడ, ఆ మూస్ తల కింద తెలిసింది. పట్టుచీర కొంగుతో మూతి తుడుచుకున్నారు. కళ్ళు తుడుచుకుంటే మేం చూస్తామని అనుకుంటాను. నాకు మాత్రం ఏడుపు ఆగలేదు, తుపాకీ నూనె సీసాల బీరువా వైపు తిరిగి ఏడ్చేశాను.

ఆంటీ కౌంటర్ దగ్గరికి నడిచారు. చేతిసంచి దాని మీద పెట్టి, గడ్డమాయన కళ్ళలోకి చూస్తూ, చర్చిలో సాక్ష్యం చెప్పేటంత గట్టిగా చెప్పారు.

"మై హస్బెండ్ ఈజ్ లెఫ్ట్ హ్యాండ్. నాట్ దిస్. గివ్ లెఫ్ట్."

గడ్డమాయన అంకుల్ వైపు చూసి, ముందే చెబితే పోయేది కదా అన్నాడు. చెయ్యి ఎత్తి ఆగమని సైగ చేసి వెనక గదిలోకి వెళ్ళాడు. ఎవరో ఆర్డర్ ఇచ్చి తీసుకెళ్ళనిదట, ఏడాదిగా పడి ఉందట, గడియ అటువైపు ఉండటంతో ఎవరూ అడగలేదట. దుమ్ము తుడుస్తూ తెచ్చాడు. త్రీ థర్టీ ఎయిట్. ఆయన చింతగింజ. ఖాళీగా ఉందని చూపించి రెండు చేతులతో ఇటు చాపాడు.

అంకుల్ కుడిచెయ్యి అలవాటుగా ముందుకెళ్ళింది. ఆంటీ చటుక్కున దాన్ని మణికట్టు దగ్గర పట్టుకున్నారు. గట్టిగానే పట్టుకున్నారు, గాజులు గలగలమన్నాయి.

"ఈ చెయ్యి నా దగ్గరుంటుంది. మీరు ఆ చేత్తో తీసుకోండి."

ఆయన ఆవిడ వైపు చూశారు. ఎడమచెయ్యి జేబులోంచి బయటికి రావడానికి కాస్త సమయం పట్టింది. వచ్చింది. కౌంటర్ మీదుగా, అంత వెలుగులో, పరాయి మనిషి ఎదురుగా అది చాచుకుని తుపాకీ అందుకుంది. గడ్డమాయన ఏమీ అనుకోలేదు, ఏ రకం తూటాలు కావాలని అడుగుతున్నాడు. తుపాకీకి రెండో చెయ్యి కూడా కావాలని అప్పుడు తట్టి, ఆంటీ మణికట్టు వదిలారు.

ఆ తుపాకీతోనే ఆయన అక్టోబర్‌లో క్యాంపుకి వెళ్ళారు. ఒక్క తూటాతో పని ముగించుకొచ్చారు. ఆ మాంసం ఎంత ఉడికించినా గట్టిగానే ఉండేది, మేం క్రిస్మస్ దాకా తిన్నాం. అవన్నీ తర్వాతి సంగతులు. అప్పుడు మాత్రం తుపాకీ ఎడమభుజానికి దానంతటదే చేరినట్టుంది. కుడికన్ను మూతపడింది. నోరు వంకర పోలేదు. వేళ్ళు గడియ ఎత్తి, లాగి, తోశాయి, అది ఎక్కడా తట్టుకోలేదు. ఇంకోసారి లాగి తోశారు. ఆయన దాన్ని దించకుండా అలాగే నిలబడ్డారు. ఇన్ని నెలలుగా ప్రతి షాపులో విన్న వంకల్లో ఈసారి ఏది వస్తుందా అని నేను ఎదురుచూస్తున్నాను.

"ఎలా ఉందండీ?" అన్నారు ఆంటీ.

"ఇది నాదే" అన్నారు అంకుల్.